పదిహేనో మనిషి బయట ఉన్నాడు

ఆర్డెల్ ట్వేట్ స్ప్రే కొట్టిన జుట్టు ఎంత గట్టిదంటే, ఒక జూన్‌లో సుడిగాలి వచ్చి ముసలి ఓడెగార్డమ్మను ఇంటి మెట్ల మీద నుంచి ఎత్తుకుపోయి మూడు పొలాల అవతల మొక్కజొన్న చేలో దించితే, ఆవిడ చెప్పులు పోయాయి, కళ్ళజోడు పోయింది, తల మాత్రం చర్చికి బయల్దేరినట్టే ఉంది. నేను కళ్ళారా చూశాను. ఆ రోజు నేను ఊళ్ళోనే లేనని మా అన్న అంటాడు. వాడు కాలేజీ చదివాడు, వాడి మాట నమ్మకండి. నేను పదకొండో తరగతి మధ్యలో పుస్తకాలు బల్ల మీద వదిలేసి కిటికీలోంచి దూకి వచ్చినవాణ్ణి. సోర్లీలో జరిగినవన్నీ చూశాను, జరగనివి ఇంకా బాగా చూశాను.

అయినా ఆర్డెల్ గురించి చెప్పాలంటే కల్పించాల్సిన పని లేదు. ఉన్నది చాలు.

ఊరికి ఉత్తరాన ఒక పొలంలో పుట్టింది. ఇంటినిండా పిల్లలు. వాళ్ళమ్మకు ఒక కత్తెర, ఒక గిన్నె ఉండేవి. గిన్నె తల మీద బోర్లించి చుట్టూ కత్తిరించే పని ఆర్డెల్‌కు అప్పగించింది. ఆ కత్తెర ఆమె మళ్ళీ కింద పెట్టలేదు. పెళ్ళయ్యాక ఇంటి ముందు గదిలోనే పార్లర్ పెట్టింది. మొగుడు హెల్మర్ ధాన్యం గోదాములో పనిచేసేవాడు, ఒక వసంతంలో గుండె ఆగి పోయాడు. ఆమెకు మిగిలింది ఇల్లు, కుర్చీలు, హెల్మర్ నడిపిన ఆకుపచ్చ పికప్ ట్రక్కు. కొత్తది కొనుక్కోమని ఊరంతా చెప్పింది. ఆ ట్రక్కు ఇంజను దగ్గితే హెల్మర్ దగ్గినట్టే ఉంటుందని నవ్వేది. అది దగ్గడం మొదలుపెడితే పక్క ఊళ్ళో కుక్కలు లేచేవి.

పార్లర్ తర్వాత ఆమె లోకం పార్టీ. మా జిల్లాలో మా పార్టీ వాళ్ళు పిడికెడు. అవతలి పార్టీ వాళ్ళు పొలాల్లో రాళ్ళలాగా, ఎన్ని ఏరేసినా వసంతానికి మళ్ళీ తేలతారు. సోర్లీ బూత్ కమిటీకి ఆర్డెలే అధ్యక్షురాలు. ఆమె వెంట ఎప్పుడూ సోల్వే బ్రెకీ ఉండేది. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఒకే ఏడాది పెళ్ళి చేసుకున్నారు. ఎన్నికలొస్తే ఇద్దరూ కలిసి తలుపులు తట్టేవాళ్ళు. సోల్వే బెదిరించేది, ఆర్డెల్ బుజ్జగించేది. శుక్రవారం పొద్దున సోల్వే వచ్చి కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. తల పని అరగంట, మిగతాది ఊరి పని.

ఇంతలో గవర్నరు, సెనేటరు ఒకే పార్టీ నుంచి అమెరికా అధ్యక్ష పదవికి దిగిన ఏడాది వచ్చింది.

గవర్నరు డిసెంబరులో మా ఊరొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టుండక ఆర్డెల్ పార్లర్‌లోకి దూరి, కుర్చీలో కూర్చుని, వెనక కొంచెం తగ్గించమని అడిగాడు. తగ్గించింది. ఆయన లేచి హెల్మర్ ఫొటో చూసి, మీ ఆయన నవ్వు బాగుందన్నాడు. అయిపోయింది. ఆర్డెల్ ఇక గవర్నరు మనిషి. ఆ వెంట్రుకలు నాలుగు నా దగ్గర ఉన్నాయని, వర్షం వచ్చే ముందు అవి నిలబడతాయని నేను చెప్పేవాణ్ణి. సగం ఊరు నమ్మింది.

సోల్వేకు గవర్నరు పొడ గిట్టదు. వడ్డీలు పెరిగి పొలాలు వేలానికి పోతున్నప్పుడు ఆ పెద్దమనిషి ఎక్కడున్నాడని అడిగేది. సెనేటరు మా బ్యాంకు మెట్ల మీద నిలబడి మాట్లాడాడు, సోల్వే తమ్ముడి పొలం పోయిన రోజున. అది ఆమె మరవదు.

"నీకు తల వంచి ఇచ్చాడని ఓటు కూడా ఇస్తావా ఏమే?" అంది సోల్వే ఒక శుక్రవారం.

"నీకు బ్యాంకు మెట్లెక్కాడని నువ్వివ్వట్లా? కదలకు, చెవి తెగుతుంది."

"తెంపు. రెండు చెవులతో నీ గవర్నరు అబద్ధాలు వినలేక చస్తున్నా."

అప్పటిదాకా ఇద్దరికీ నవ్వులాటే.

మా దగ్గర పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి పెట్టెలో చీటీ వెయ్యరు. జనవరి చలిలో బడి ఆటల గదికి వచ్చి, ఎవరి మనిషి కోసం వాళ్ళు ఒక మూల నిలబడాలి. దీన్నే కాకస్ అంటారు. మీ బ్యాంకు మేనేజరు, మీ అత్తగారు, మీ పాస్టరు అందరూ చూస్తుండగా మీ కాళ్ళతో నడిచి వెళ్ళి నిలబడాలి. ఒక నియమం ఉంది: గదిలో ఉన్నవాళ్ళలో నూటికి పదిహేను మంది లేకపోతే ఆ మూల చెల్లదు. చెల్లని మూల వాళ్ళు వేరే మూలకు పోవాలి, లేకపోతే ఇంటికి పోవాలి. అధ్యక్షురాలు "లెక్క మొదలు" అన్నాక తలుపు లోపలున్న తలలే తలలు. నేను ఎవరివైపూ తేల్చుకోని వాళ్ళ మూలలో నిలబడ్డాను. కేకులు ఆ మూలలో పెట్టారు మరి.

ఆ సాయంత్రం గదిలో దరిదాపు వంద మంది. చెల్లాలంటే పదిహేను మంది కావాలి. గవర్నరు మూల కిక్కిరిసింది. సెనేటరు మూలలో సోల్వే వేళ్ళతో లెక్కపెట్టుకుంటోంది. సరిగ్గా పదిహేను. పదిహేనోవాడు ఆమె మొగుడు ఓర్విన్. నిశ్శబ్దం మనిషి. అతను మాట్లాడితే వాతావరణం గురించి, అది కూడా మారినప్పుడే.

బయట చలి ఎలా ఉందంటే, నేను బడి మెట్ల మీద ఉమ్మితే అది కింద పడి టింగుమంది. ఓర్విన్ కిటికీలోంచి చూశాడు. మంచులో ఒక ట్రక్కు లైట్లు వెలుగుతున్నాయి. అతను నెమ్మదిగా గది దాటుకుని మైకు దగ్గరున్న ఆర్డెల్ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె తల ఊపింది. అతను టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. మేమందరం చూసింది ఇంతే. ఏం చెప్పాడో ఎవరికీ వినపడలేదు.

గవర్నరు మూల నుంచి ఎవరో అరిచారు. "ఆర్డెల్, ఎనిమిదైంది! లెక్క పెట్టు!"

ఆర్డెల్ తలుపు వైపు చూసింది. సెనేటరు మూల వైపు చూసింది. మైకు దగ్గరికి లాక్కుంది.

"లెక్క మొదలు," అంది.

పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టారు. పద్నాలుగే.

"మా ఓర్విన్ బయటున్నాడే! ఇప్పుడే వస్తాడు!" అని సోల్వే కేకేసింది.

"నియమం నియమమే సోల్వే," అంది ఆర్డెల్. గవర్నరు మూల చప్పట్లు కొట్టింది. చప్పట్లు తగ్గేటప్పటికి తలుపు తెరుచుకుని ఓర్విన్ వచ్చాడు, కనుబొమల మీద మంచు, చేతులు ఎర్రగా.

"ఇదిగో పదిహేనోవాడు!" సోల్వే అతని భుజం పట్టుకుని ఈడ్చుకొచ్చింది. "ఇప్పుడు లెక్కపెట్టు!"

"లెక్క అయిపోయింది," అంది ఆర్డెల్. ఆమె గొంతు స్ప్రే కొట్టినట్టు గట్టిగా ఉంది.

సోల్వే మొగుడి వైపు తిరిగింది. "ఎక్కడికి చచ్చావు?"

"ఎవరిదో బండి. లైట్లు వెలుగుతున్నాయి."

"ఎవరిది?"

ఓర్విన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "చీకట్లో సరిగ్గా కనపడలేదు."

గది ఘొల్లుమంది. ఆ పద్నాలుగు మందీ, పదిహేనోవాడితో సహా, ఇంకో మూలకు వెళ్ళలేదు. కోట్లు తొడుక్కుని మంచులోకి నడిచిపోయారు. మా కేకుల మూలా చెల్లలేదు, సోర్లీ మొత్తం గవర్నరు ఖాతాలో పడింది.

ఇప్పుడు ఆ చెవిలో చెప్పిన మాట చెప్పాలి. ఆర్డెల్ తర్వాత తన నోటితో చెప్పింది కాబట్టి ఇందులో నా కల్పన ఏమీ లేదు. "ఆర్డెల్, నీ బండి లైట్లు వదిలేశావు. ఆర్పొస్తా" అన్నాడు ఓర్విన్. మా ఊళ్ళో బండికి తాళం వేసేవాడు లేడు. అతను వెళ్ళి లైట్లు ఆర్పాడు. అంతటితో వచ్చేస్తే అయిపోయేది. కానీ ఆ చలికి బ్యాటరీ ఎక్కడ చచ్చిపోతుందో, సభ అయ్యాక ఆర్డెల్ ఎక్కడ ఇరుక్కుంటుందో అని, ఇంజను వేసి కాసేపు నడవనిచ్చాడు. ఇటువంటి పొరపాటు మా వాళ్ళే చెయ్యగలరు. పార్టీ చీలిపోతుంటే వెళ్ళి పక్కవాడి బ్యాటరీ చూస్తారు.

ఆర్డెల్ మైకు లాక్కున్నప్పుడు గోడ అవతల హెల్మర్ ట్రక్కు దగ్గుతోంది. గది గోలలో మాకెవరికీ పట్టలేదు, ఆమె విన్నది. ఆ దగ్గు ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పదిహేనోవాడు ఎక్కడున్నాడో, ఎవరి పని మీద ఉన్నాడో తెలిసే "లెక్క మొదలు" అంది.

శుక్రవారం సోల్వే రాలేదు. ఆ తర్వాత శుక్రవారం కూడా రాలేదు. పక్క ఊరు వెళ్ళి అక్కడెవరి చేతనో తల చేయించుకొచ్చింది. అది చూసి నేను ఆమె నెత్తిన ఉడుత గూడు కట్టిందనుకున్నాను.

ఓర్విన్ పరిస్థితి ఇంకా ఘోరం. కఫేలోకి అడుగుపెడితే, "ఓర్విన్, లోపలున్నావా, బయటున్నావా? కాఫీ ఎన్ని కప్పులు పొయ్యాలో తెలియాలిగా!" అనేవాళ్ళు. ఆ లైట్లు బండివి కావని, ఓర్విన్ చందమామను ఆర్పడానికి నిచ్చెన తెచ్చాడని నేనొక కథ కట్టాను. అది మూడు ఊళ్ళు తిరిగి, నిచ్చెన పొడవు పెరిగి నా దగ్గరికే వచ్చింది. అందరూ విరగబడి నవ్వారు. ఆర్డెల్ మాత్రం ఒకసారి ఆ కథ మధ్యలో లేచి, కాఫీ సగం వదిలేసి వెళ్ళిపోయింది. కథ నచ్చలేదేమో అనుకుని ఇంకో నిచ్చెన కలిపాను.

ఇంట్లో సోల్వే అతనితో మాట్లాడటం తగ్గించింది. "ఒక్కచోట పది నిమిషాలు నిలబడమన్నాను. ఆవు కూడా నిలబడుతుంది" అనేది, అతను వినేట్టు, పక్కవాళ్ళతో. ఓర్విన్ ట్రాక్టరు షెడ్డులో ఒక కుర్చీ వేసుకుని పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

కానీ అతను ఆర్డెల్ దగ్గర జుట్టు కత్తిరించుకోవడం మానలేదు. ఊళ్ళో మగవాళ్ళ మంగలి పోయాక ముసలివాళ్ళంతా ఆమె దగ్గరికే వెనక గుమ్మం నుంచి వచ్చేవాళ్ళు. ఫిబ్రవరిలో వచ్చి కూర్చున్నాడు. ఆర్డెల్ గుడ్డ కప్పింది. పని సగమయ్యాక ఓర్విన్ అన్నాడు.

"ఆ లైట్ల స్విచ్చి వదులైంది ఆర్డెల్. వీలైనప్పుడు బండి తీసుకురా, బిగిస్తాను."

ఆమె చెయ్యి జారి కత్తెర మొన అతని చెవికి తగిలింది. రక్తం వచ్చింది. దూది అద్దుతూ ఆమె ఏడ్చింది. "చిన్నదే, చిన్నదే" అని ఓర్విన్ ఆమెను ఓదార్చాడు, చెవి గురించే ఏడుస్తోందనుకుని. అనుకున్నాడో, అనుకున్నట్టు కనిపించాడో, అది ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఆర్డెల్ ట్రక్కు ఎక్కలేదు. మంచులో కూడా నడిచే వెళ్ళేది. డాక్టరు చెప్పాడని అబద్ధం చెప్పింది. అబద్ధాల్లో ఆమెది మరీ చిన్న తరగతి.

దేశమంతటా ఆ రెండు మూలలు వేసవి దాకా కొట్టుకున్నాయి. చివరికి వెంట్రుకవాసిలో గవర్నరు గెలిచి పార్టీ అభ్యర్థి అయ్యాడు. పెద్ద సభలో సెనేటరు వేదికెక్కి అతని చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. టీవీలో బుడగలు రాలాయి. పైవాళ్ళు చెయ్యీ చెయ్యీ కలిపి ఎత్తారు. సోర్లీలో ఎవరి చేతులు వాళ్ళ జేబుల్లోనే ఉన్నాయి.

సెప్టెంబరులో జిల్లా పార్టీ ఆఫీసు నుంచి రూడ్ అనే కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు.

"ఆర్డెల్ గారూ, ఈసారి మన జిల్లాలో ఒక్కో ఓటూ బంగారం. మీ ఊళ్ళో సెనేటరు వాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారట. అలిగి కూర్చున్నారట. మీరే తీసుకురావాలి."

"పదిహేను మంది," అంది ఆర్డెల్.

"ఏంటండీ?"

"పద్నాలుగు కాదు. పదిహేను."

ఆమె ఖర్జూరం కేకు ఒక పళ్ళెం నిండా చేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. మా వాళ్ళు కోపమొస్తే తలుపు వెయ్యరు, కాఫీ ఇస్తారు. ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు, కేకు బాగుందన్నారు, మొక్కజొన్న ధర గురించి మాట్లాడారు. ఓటు గురించి అడిగితే "చూద్దాం" అన్నారు. మా భాషలో "చూద్దాం" అంటే తలుపు వేసినట్టే. చివరి ఇల్లు సోల్వేది. సోల్వే కూడా కాఫీ పోసింది, చల్లారిన కాఫీ.

"సోల్వే, పార్టీ కోసమైనా..."

"ఏ పార్టీ? పదిహేను మంది లేకపోతే మనుషులం కాదన్నారుగా. లేనివాళ్ళం ఓటెలా వేస్తాం? లేనివాళ్ళ దగ్గరికి వచ్చి నువ్వెవరితో మాట్లాడుతున్నావు?"

"నా మీద కోపం గవర్నరు మీద చూపించకు."

"నీ మీద నాకేం కోపం? నియమం చెప్పావు. నా కర్మ నా షెడ్డులో కూర్చుంది పేపరు చదువుతూ."

అక్కడ చెప్పాల్సింది. నోటి దాకా వచ్చిందట. కానీ చెబితే ఈ పదిహేను ఓట్లు శాశ్వతంగా పోతాయని, పార్టీకి ద్రోహమవుతుందని తనకు తాను చెప్పుకుంది. పార్టీ కోసం నోరు మూసుకుంటున్నానని సర్దిచెప్పుకుంటూ ఇంటికి నడిచింది. దారిలో షెడ్డు తలుపులోంచి ఓర్విన్ చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేకపోయింది.

అక్టోబరు ఆఖర్లో చర్చి విందు. తూర్పు పొలాల నుంచి, పక్క జిల్లాల నుంచి జనం వరసకట్టి వస్తారు, క్షారంలో నానబెట్టి ఉడికించిన చేప తినడానికి. ఆ చేప వాసనకు ఒక ఏడాది చర్చి గంట దానంతట అదే మోగింది, నేను విన్నాను. దానికి తోడు లెఫ్సా ఉండాలి, అంటే బంగాళదుంప చపాతీలు. విందుకు ముందు రోజు చర్చి కింద వంటగదిలో ఆడవాళ్ళంతా కలిసి చేస్తారు. పల్చగా ఒత్తేవాళ్ళు ఒకరు, పొడుగాటి కర్రతో పెనం మీద తిప్పేవాళ్ళు ఒకరు. మా అమ్మ బతికున్నప్పటి నుంచీ సోల్వే ఒత్తేది, ఆర్డెల్ తిప్పేది. ఎవరు ఎవరితో మాట్లాడకపోయినా ఆ పెనం దగ్గర ఆ ఇద్దరే. మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఓర్విన్, నేను దుంపలు మోస్తున్నాం. రెండు గంటలుగా ఆ ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు. సోల్వే ఒత్తుతుంది, కర్ర మీద వేస్తుంది, ఆర్డెల్ తిప్పుతుంది. పాతికేళ్ళ అలవాటు, చేతులు వాటంతటవి మాట్లాడుకుంటున్నాయి.

ఓర్విన్ గంప దించుతుంటే పొయ్యి దగ్గరున్న ఓడెగార్డమ్మ కోడలు అంది, "ఓర్విన్, ఇక్కడే ఉండు, ఎక్కడికీ పోకు. చపాతీలు లెక్కపెట్టే టైమైంది!"

ఆడవాళ్ళు నవ్వారు. నేనూ ఊరుకోలేదు. "నిచ్చెన తెచ్చావా ఓర్విన్?" అన్నాను.

సోల్వే అప్పడాల కర్ర బల్ల మీద కొట్టింది. "నవ్వండి. నవ్వించుకోవడానికే పుట్టాడు. ఎవడిదో దిక్కుమాలిన బండి లైట్లు ఆర్పడానికి పెళ్ళాం పరువు ఆర్పొచ్చాడు. ఆ బండి ఎవడిదో ఈ రోజుకీ తెలియదు!"

ఓర్విన్ దుంపల వైపు చూస్తున్నాడు. చెవి మీద చిన్న మచ్చ.

"బండి నాది," అంది ఆర్డెల్.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె కర్ర పట్టుకునే ఉంది.

"లైట్లు నావి. నా చెవిలో చెప్పి వెళ్ళాడు. లెక్క మొదలన్నప్పుడు గోడ అవతల నా ఇంజను వినపడుతోంది. నా కోసమే బయటున్నాడని తెలుసు. తెలిసే అన్నాను. తర్వాత నువ్వు అతన్ని ఈడ్చుకొచ్చినప్పుడైనా నిజం చెప్పి మళ్ళీ లెక్కపెట్టొచ్చు. పెట్టలేదు. గవర్నరు గెలవాలనుకున్నాను. అంతే."

నా నోట్లో జోకు ఒక్కటి కూడా మిగల్లేదు. నాకది ఎప్పుడూ జరగదు.

సోల్వే ఆర్డెల్ వైపు చూడలేదు. మొగుడి వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు ఓర్విన్.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆర్డెల్‌తో మాట్లాడటం మానేస్తావని."

"మానేశాగా!"

"అది నీ అంతట నువ్వు మానేశావు. నేను మాన్పించినట్టు కాకూడదని."

"పది నెలలు నిన్ను ఆవు కంటే హీనంగా చూశాను ఓర్విన్."

"ఆవుల్ని నువ్వు బాగానే చూస్తావుగా," అన్నాడు. అతని నోట్లోంచి వాతావరణం కాని మాట ఇంత పొడుగ్గా రావడం నేను ఎప్పుడూ వినలేదు.

సోల్వే ఏప్రన్ అంచుతో ముఖం తుడుచుకుంది, పిండి అంటుకుని ముఖం తెల్లబడింది. అప్పుడు ఆర్డెల్ వైపు తిరిగింది. ఆర్డెల్ రెండడుగులు వెనక్కి వేసింది, దెబ్బ కోసం ఎదురుచూస్తున్నదానిలాగా. దెబ్బ పడితే బాగుండునని తర్వాత నాతో అంది.

"మాడుతోంది," అంది సోల్వే. "తిప్పు."

సాయంత్రం దాకా చేశారు. ఇంకో మాట లేదు. వెళ్ళేటప్పుడు సోల్వే ఓర్విన్ చెయ్యి పట్టుకుని నడిచింది. ఆర్డెల్ ఒక్కతే మిగిలి పెనాలన్నీ కడిగింది.

సంగతి ఆ రాత్రికే జిల్లా దాటింది. మర్నాడు రూడ్ కారేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడా చెప్పడం ఆర్డెల్ గారూ? ఇంకో పది రోజులు ఆగితే మీ సొమ్మేం పోయేది? ఎన్నికలయ్యాక ఎంతైనా ఏడవచ్చుగా! మొన్నటిదాకా అలిగారు, ఇప్పుడు వాళ్ళకు సాక్ష్యం కూడా దొరికింది."

"అవును," అంది ఆర్డెల్. "ఆ మూలను నేను దొంగతనంగా చెల్లకుండా చేశాను. అది వాళ్ళకు తెలియకుండా వాళ్ళను ఓటు అడగడం రెండో దొంగతనం."

"పార్టీ ఐక్యంగా ఉండాలంటే కొన్ని మింగాలండీ."

"మింగాను బాబూ. పది నెలలు మింగాను. ఓర్విన్ చేత కూడా మింగించాను. ఇంక నా వల్ల కాదు."

అధ్యక్షురాలి పదవి వదులుకుంటానంది. రూడ్ వెంటనే ఒప్పుకున్నాడు. గవర్నరు మూలలో చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఆమెను చూసి వీధి దాటి అటు వెళ్ళడం మొదలుపెట్టారు. వాళ్ళ గెలుపును ఆమె మురికి చేసిందట. పార్లర్‌లో కుర్చీలు ఖాళీగా ఉండేవి. నేనే రెండుసార్లు వెళ్ళి కత్తిరించుకున్నాను, కత్తిరించడానికి నా తల మీద ఏమీ లేకపోయినా.

పోలింగు రోజు చిరుజల్లు. అదే బడి, అదే ఆటల గది. కానీ ఈసారి మూలలు లేవు, తెర చాటున ఎవరి ఓటు వాళ్ళది. పొద్దున్నే ఆర్డెల్ నడిచి వచ్చి వరసలో నిలబడింది. ఆమెకు ముందు, వెనక ఖాళీ వదిలి నిలబడ్డారు జనం. నేను వెళ్ళి ఆ ఖాళీలో దూరదామనుకునేలోపే వాకిట్లో బళ్ళు ఆగాయి.

సోల్వే దిగింది. ఓర్విన్ దిగాడు. మిగతా పదమూడు మందీ దిగారు. అందరూ ఒకేసారి వచ్చారు, జనవరిలో మంచులోకి నడిచినట్టే. సోల్వే తిన్నగా వచ్చి ఆర్డెల్ వెనకున్న ఖాళీలో నిలబడింది. ఆమె వెనక ఓర్విన్, అతని వెనక మిగతావాళ్ళు.

ఆర్డెల్ వెనక్కి తిరగలేదు.

"వచ్చావు," అంది ముందుకే చూస్తూ.

"వచ్చాను. ఉన్నాను కాబట్టి వచ్చాను."

"సోల్వే, నేను..."

"క్షమించానని అనుకోకు. అది నేను ఇంకా తేల్చుకోలేదు. లైల్ గాడిలాగా కేకుల మూలలో నిలబడి ఉన్నాను ఆ విషయంలో."

నన్ను ఇందులోకి లాగడం అవసరమా అనిపించింది.

"నీ గవర్నరుకు వేస్తానో, ఖాళీ కాగితం వేస్తానో నీకు చెప్పను," అంది సోల్వే. "వీళ్ళెవరూ చెప్పరు. మాట్లాడుకునే వచ్చాం. నువ్వు మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టావు. ఇంకోసారి పెట్టలేవు. ఇంక బతికినన్నాళ్ళూ ఆలోచించుకుంటూ కూర్చో."

"సరే," అంది ఆర్డెల్.

"సరేనా? వాదించవా?"

"లేదు. నాకు అదే సరైనది."

ఆమె వంతు వచ్చింది. లోపలికి వెళ్ళి ఓటేసి వచ్చింది. ఇంటికి పోకుండా వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. ఒక్కొక్కరూ తెర వెనక్కి వెళ్ళి, బయటికి వచ్చి, ఆమె ముందు నుంచే నడిచి వెళ్ళారు. ఒక్క ముఖం మీద ఒక్క గీత కదల్లేదు. మా ఊళ్ళో పేకాట ఆడేవాళ్ళు ఎందుకు అంత గొప్పవాళ్ళో నాకప్పుడు అర్థమైంది. ఓర్విన్ మాత్రం ఆగాడు.

"గాలి తిరిగింది," అన్నాడు. "మధ్యాహ్నానికి తేటపడుతుంది."

వెళ్ళిపోయాడు. ఆర్డెల్ అతని వీపు కనపడినంతసేపూ చూసింది.

వరండా చివర గోడ ఫోను మోగింది. ఎవరూ ఎత్తకపోతే ఆమే వెళ్ళి ఎత్తింది, ఇన్నేళ్ళ అలవాటు. నేను పక్కనే ఉన్నాను, రూడ్ గొంతు నాక్కూడా వినపడింది.

"ఆర్డెల్ గారా? మీరే ఉన్నారా? ఆ సెనేటరు వాళ్ళు వచ్చారా?"

"వచ్చారు. అందరూ వచ్చారు."

"అబ్బ! బతికించారు! మనకేనా మరి? ఎంతమంది మనవైపు?"

"అడగలేదు."

"ఊరికే అంచనా చెప్పండి. మీకు తెలియకపోవడమేంటి, ఇన్నేళ్ళు లెక్కలు కట్టినవాళ్ళు! పది? పన్నెండు?"

"నేను అడగలేదు బాబూ. ఇంకెప్పుడూ అడగను," అని ఆర్డెల్ ఫోను పెట్టేసింది.